పిస్టల్ బయటికి తీశాక, కాల్చే ముందు ఎలా పట్టుకోవాలి

తల్లీ,

క్లాసులో ఒకాయన పిస్టల్ కిందికి దించి పట్టుకోమన్నాడు, వారం తిరక్కుండా ఇంకొకాయన ఛాతీ దగ్గరికి లాక్కోమన్నాడు, బాబాయ్ ఏది కరెక్టో తేల్చి చెప్పు అని రాశావు. ఇద్దరూ చెప్పింది నిజమే. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో పరిస్థితిని మనసులో పెట్టుకుని చెప్పారు, ఆ పరిస్థితి ఏంటో నీకు చెప్పలేదు, అందుకే నీకు ఈ గందరగోళం.

పిస్టల్ చేతిలోకి వచ్చింది, కాల్చాలా వద్దా ఇంకా తేలలేదు. ఆ మధ్యలో దాన్ని ఎలా పట్టుకుని ఉంటామో అదే రెడీ పొజిషన్. చాలామంది దాన్ని ఎంత తొందరగా కాల్చగలం అనే లెక్కతో ఎంచుకుంటారు. నువ్వు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇది ఈ క్షణంలో పొరపాటున పేలితే తూటా ఎవరి మీదికి పోతుంది? దీనికి జవాబు దొరికాకే మిగతా లెక్కలు. 1976లో అమెరికాలోని అరిజోనాలో తుపాకీ శిక్షణ కేంద్రం పెట్టిన జెఫ్ కూపర్ నాలుగు సూత్రాలు నీకు నేర్పే ఉంటారు. ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకో, పోగొట్టుకోవడానికి సిద్ధంగా లేనిదాని మీదికి గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, దేన్ని కాలుస్తున్నావో దాని వెనక ఏముందో చూసుకో. ఏ పొజిషన్ మంచిదో ఈ నాలుగింటి మీద పెట్టి చూస్తే నీకే తెలిసిపోతుంది.

వేలి సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది సరిగ్గా లేకపోతే ఏ పొజిషనూ నిన్ను కాపాడదు. నేను నేర్చుకునే రోజుల్లో ఒకసారి పిస్టల్ కిందికి పెట్టుకుని నడుస్తుంటే నేల మీద పడున్న, కాల్చిన తూటాల ఖాళీ కేసింగుల మీద కాలు జారింది. పడలేదు, తూలి నిలదొక్కుకున్నాను, అంతే. కానీ ఆ అర సెకనులో చెయ్యి మొత్తం నాకు తెలియకుండానే బిగుసుకుపోయింది. గన్ పెట్టేశాక చూసుకుంటే చూపుడు వేలి కొస మీద ఫ్రేమ్ (పిస్టల్ ఒళ్లు) అంచు గీతలా అచ్చు పడి ఉంది, చాలాసేపు పోలేదు. ఆ వేలు ఫ్రేమ్ మీద కాకుండా ట్రిగ్గర్ మీద ఉంటే ఏమయ్యేదో ఊహించుకో. మనిషి ఉలిక్కిపడినప్పుడు, తూలినప్పుడు, ఒక చేత్తో దేన్నైనా గట్టిగా లాగినప్పుడు రెండో చెయ్యి కూడా దానంతటదే బిగుస్తుంది. జాగ్రత్తగా ఉంటానులే అనుకుంటే ఇది ఆగదు. వేలు నిటారుగా, ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు పైన ఫ్రేమ్‌కి ఆనించి, ప్రతిసారీ.

ఇక లో రెడీ. చేతులు చాచి గొట్టాన్ని నేల వైపు, సుమారు 45 డిగ్రీలు దించి పట్టుకోవడం. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను దీంతోనే మొదలుపెడతాను. దీని అసలు లాభం కళ్లకి. పిస్టల్ ముఖానికి ఎదురుగా ఉంటే అవతలి మనిషి నడుము, చేతులు దాని వెనక మరుగున పడిపోతాయి, నీకు ప్రమాదం వచ్చేదేమో ఆ చేతుల్లోంచే. కత్తి ఉందా, ఫోన్ ఉందా, ఖాళీ చేతులా అనేది కనిపించాలంటే గన్ చూపుకి అడ్డం రాకూడదు. పైగా ఇంకా ప్రమాదమో కాదో తెలియని మనిషి ఛాతీకి గురిపెట్టడం మాటలు కాదు, తర్వాత చట్టం ముందు దానికి జవాబు చెప్పుకోవాల్సింది నువ్వే. అయితే లో రెడీ అని పేరు పెట్టుకుని గొట్టాన్ని ఎదుటివాడి మోకాళ్ల మీద పెట్టేవాళ్లు ఎంతమందో! నేల మీదే ఉండాలి. ముందు చిన్న పిల్లలున్నా, మెట్ల మీద నీకు కింద ఎవరైనా ఉన్నా ఇది పనికిరాదు. గట్టి నేల మీద తూటా వాలుగా తగిలితే అక్కడే ఆగదు, నేలని అంటిపెట్టుకున్నట్టు ముందుకి దూసుకుపోతుంది, అది కూడా గుర్తుంచుకో.

మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా పెట్టి, రెండు చేతుల పట్టు వదలకుండా పిస్టల్‌ని ఛాతీ ముందుకి తెచ్చుకుంటే అది కంప్రెస్డ్ రెడీ. ఇరుకు చోట్లకి ఇదే సరైనది. చేతులు చాచి గుమ్మం దాటితే నీకంటే ముందు నీ పిస్టల్ లోపలికి వెళ్తుంది, తలుపు పక్కన ఎవడైనా ఉంటే వాడి చేతికి నువ్వే అందించినట్టు. డెన్నిస్ ట్యూలర్ అనే పోలీసు అధికారి 1983లో రాసిన లెక్క ఒకటుంది, మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకన్లలో పరిగెత్తి వచ్చేస్తాడని. ఇంట్లో గదులు అంత పొడవు కూడా ఉండవు చాలాచోట్ల. అందుకని దగ్గర్లో ఉన్నప్పుడు గన్ ఒంటికి దగ్గరగా ఉంటేనే నీది. దీంట్లో ఇబ్బంది ఒక్కటే, గొట్టం ముందుకే చూస్తుంటుంది, ఎదురుగా మన మనుషులే ఉంటే మణికట్లు వంచి కిందికి దించాల్సిందే.

సూల్ అనే పొజిషన్ గురించి కూడా అడిగావు. బ్రెజిల్‌లో పోలీసులకి శిక్షణ ఇస్తున్నప్పుడు పుట్టింది, పోర్చుగీసులో ఆ మాటకి దక్షిణం అని అర్థం, మ్యాపులో కిందివైపు అన్నట్టు. పిస్టల్‌ని పొట్టకి అడ్డంగా ఆనించి గొట్టం నేరుగా కిందికి, రెండో అరచెయ్యి ఛాతీ మీద. జనం మధ్యలోంచి, పక్కనున్నవాళ్ల వెనకనుంచి వెళ్లాల్సి వస్తే ఎవరి మీదికీ గొట్టం తిరగదు, అది నిజంగా గొప్ప సుగుణం. కానీ కొంచెం ఏమరుపాటుగా పట్టుకుంటే అది నీ పాదాన్నే చూస్తుంది, కూర్చుంటే తొడని. పట్టు మళ్లీ కుదుర్చుకోవడానికి సమయమూ పడుతుంది. నువ్వు ఇప్పుడే దీని జోలికి పోకు. గొట్టం ఆకాశం వైపు పెట్టి తల పక్కన పట్టుకునేది కూడా కార్లోంచి దిగేటప్పుడు, కింద కాళ్లూ సీట్లూ అన్నీ ఉన్నప్పుడు పనికొస్తుంది, మేడ కింద అంతస్తులో నిలబడి చేస్తే మాత్రం పై గదిలో పడుకున్నవాళ్లని తలుచుకో.

నిజంగా అవసరం వచ్చిన రోజు నీకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయన్న నమ్మకం లేదు తల్లీ. ఒక చేతిలో టార్చి ఉండొచ్చు, ఫోన్ ఉండొచ్చు, బిడ్డ ఉండొచ్చు. కాబట్టి ఒంటిచేత్తో ఛాతీ పక్కకి లాక్కుని పట్టుకోవడం, బిడ్డ ఉన్న వైపుకి గొట్టం అస్సలు తిరగకుండా చూసుకోవడం వేరేగా నేర్పమని అడుగు. ఏ అవసరమూ లేనప్పుడు అన్నింటికంటే మంచి చోటు దాని ఒర, అంటే హోల్‌స్టరే. చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుందని ఊరికే బయటికి తీసి పట్టుకోకు.

ఇప్పటికి లో రెడీ, కంప్రెస్డ్ రెండే చాలు. రోజూ పది నిమిషాలు ఖాళీ పిస్టల్‌తో చెయ్యి. తూటాలుండే మ్యాగజీన్ తీసెయ్, పైనున్న స్లైడ్ వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్ కళ్లతో చూడు, వేలు పెట్టి తడుము, తూటాలు వేరే గదిలో పెట్టి తలుపెయ్. తూటా ఆగే గోడ వైపే తిరిగి చెయ్యి. లో రెడీ నుంచి గురికి, మళ్లీ వెనక్కి, నెమ్మదిగా. ఒక పొజిషన్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడే వేలు జారేది, గొట్టం తిరిగేది, అక్కడ కళ్లు పెట్టు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ముందు తల తిప్పు, గన్ ఉన్నచోటే ఉండాలి, ఒళ్లంతా తిప్పావంటే గొట్టం కూడా నీతోపాటు గదంతా చుట్టి వస్తుంది.

వారం చేశాక ఒక వీడియో పంపు. పక్కనుంచి తీయించు, ముందునుంచి వద్దు, ఖాళీ గన్ అయినా సరే దానికి ఎదురుగా ఎవరినీ నిలబెట్టకు. మోచెయ్యి, వేలు కనిపిస్తే చాలు, మిగతాది ఫోన్లో మాట్లాడుకుందాం.

మీ బాబాయి