స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగింది? చెన్నై విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది బాపట్ల. చెన్నైలో బీటెక్ రెండో ఏడు చదువుతున్నా. ఇంటర్ మార్కుల మీద సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ వచ్చింది. పోయినేడు 12 వేలు పడ్డాయి, ఈసారి పడలేదు. కాలేజీలో అడిగితే బ్యాంకుకు వెళ్లమంటారు, బ్యాంకులో ‘ఆధార్ లింకయ్యే ఉందమ్మా’ అంటారు. నేనెవరిని పట్టుకోవాలి సార్?
– ఓ విద్యార్థిని, కాట్టాంగుళత్తూర్

జవాబు: బ్యాంకు సంగతి తర్వాత. ముందు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో లాగిన్ అయి మీ దరఖాస్తు ఏ మెట్టు మీద ఉందో చూడండి. ఈ స్కాలర్‌షిప్ ఒకసారి వచ్చిందంటే చదువు అయ్యేదాకా దానంతటదే వస్తుందనుకుంటారు చాలామంది. రాదు. ఏటా రెన్యువల్ పెట్టాలి. అందుకు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. పెట్టాక కాలేజీ నోడల్ ఆఫీసర్ (స్కాలర్‌షిప్‌ల పని చూసే ఉద్యోగి) వెరిఫై చేయాలి, ఆపైన ఇంకో స్థాయిలో మళ్లీ చూస్తారు. ఎవరైనా తప్పుందని వెనక్కి పంపితే గడువు లోపల సరిదిద్ది మళ్లీ సబ్మిట్ చేయాలి. ఆ సంగతి ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు కనుక వారానికోసారి లాగిన్ అయి చూసుకోవడమే మార్గం.

వెనక్కి రావడానికి మన పిల్లల విషయంలో ఒక ప్రత్యేకమైన కారణం ఉంది: పేరు. తమిళనాట ఇంటిపేరు వాడకం లేదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. మన ఇంటర్ మెమోలో దర్జాగా ముందు నిలబడ్డ ఇంటిపేరు ఇక్కడి ఐడీ కార్డులో ఒంటి అక్షరంగా మిగిలిపోతుంది. బోనఫైడ్ (ఇక్కడ చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే పత్రం) తీసుకునేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు రాసిమ్మని అడగండి.

పోర్టల్‌లో వెరిఫికేషన్లన్నీ పూర్తయ్యాయని చూపిస్తుంటే అప్పుడు డబ్బు సంగతి. పీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ) సైట్‌లో ఈ పోర్టల్ చెల్లింపులను ట్రాక్ చేసే పేజీ వేరేగా ఉంటుంది. అందులో చెల్లింపు విఫలమైనట్టు కనిపిస్తే తొంభైపాళ్లు సీడింగ్ దగ్గరే అనుమానించాలి. ఖాతాకు ఆధార్ లింకవడం, ఆధార్‌కు ఖాతా సీడ్ అవడం ఒకటి కావు. మొదటిది కేవైసీ కోసం, ఎన్ని ఖాతాలకైనా ఉండొచ్చు. రెండోది ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కు వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో ఉండే పట్టికలో) నమోదయ్యేది, ఒక ఆధార్‌కు ఒకే ఖాతా. బ్యాంకు గుమాస్తా చెప్పింది మొదటి సంగతి, మీకు కావలసింది రెండోది. మైఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే ఏ బ్యాంకు, యాక్టివా కాదా, ఎప్పుడు మారిందీ కనిపిస్తుంది.

హాస్టల్‌లో చేరాక ఇక్కడ కొత్త ఖాతా తెరిచారా? ఆ ఫారంలో సబ్సిడీలు ఈ ఖాతాకే రావాలన్న గడి దగ్గర టిక్ పెట్టి ఉంటే సీడింగ్ బాపట్ల బ్యాంకును వదిలి ఇక్కడికి వచ్చేసి ఉంటుంది. ఫిర్యాదులు పెట్టేముందు ఆ కొత్త పాస్‌బుక్కు ప్రింట్ వేయించండి. డబ్బు అందులోనే పడి ఉండొచ్చు. స్టేటస్‌లో ‘ఇన్‌యాక్టివ్’ అని ఉంటే డబ్బు ఏ ఖాతాలో పడాలనుకుంటున్నారో ఆ బ్యాంకుకు వెళ్లి, ‘లింక్ చేయండి’ అనకుండా ‘డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి’ అని (డీబీటీ అంటే ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడటం) అడిగి, సమ్మతి ఫారం ఇచ్చి రసీదు తీసుకోండి. రెండేళ్లుగా లావాదేవీ లేని ఖాతాకైతే ముందు కేవైసీ ఇచ్చి దాన్ని బతికించుకోవాలి.

ప్రశ్న: ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక) 12 వారాల కోర్సు చేశాను. పరీక్షలో 70 శాతం వచ్చింది, అయినా సర్టిఫికెట్ రాలేదు. పొరపాటున ఆపారా?
– ఓ విద్యార్థి, శ్రీపెరుంబుదూర్

జవాబు: లెక్క సరిగానే ఉండి ఉంటుంది. మొత్తం నూటిలో 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. సర్టిఫికెట్‌కు అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా దాటాలి. ఒకదానిలో ఎక్కువ వచ్చినా రెండోదానికి పూడ్చరు. 12 వారాల కోర్సుకు బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటు తీస్తారు. మీరు మొదట్లో మూడు చేసి, మూడింటికీ నూటికి నూరు తెచ్చుకుని తర్వాత మానేశారనుకోండి. 300ని ఎనిమిదితో భాగిస్తే 37.5 శాతం, అంటే 25కు 9.37. పరీక్షలో 52.5. కలిపితే 61 దాటుతుంది, 60 దాటితే ‘ఎలైట్’ అనే పై శ్రేణి కూడా. కానీ ఆ 9.37 దగ్గరే ఆట ముగిసింది. నాలుగో అసైన్‌మెంట్‌లో సగం మార్కులు వచ్చినా గట్టెక్కేవారు.

వీడియోలు ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి. అందుకే కోర్సులో చేరిన వారంలోనే అసైన్‌మెంట్ల గడువులన్నీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. గడువు దాటినదానికి మళ్లీ అవకాశమివ్వరు.

క్రెడిట్ల కోసం చేసేవాళ్లకు ఇంకో మాట. ఎన్‌పీటెల్ కోర్సులు నడిచే ప్రభుత్వ ‘స్వయం’ వేదిక మీది కోర్సుల ద్వారా సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు తీసుకోవచ్చని యూజీసీ 2021 నిబంధనలు చెబుతున్నా, ఏ కోర్సును ఏ సబ్జెక్టుకు బదులుగా ఒప్పుకోవాలో తేల్చేది మీ యూనివర్సిటీయే. సర్టిఫికెట్ చేతికొచ్చాక డిపార్ట్‌మెంట్‌కు వెళ్తే ‘మా జాబితాలో లేదు’ అన్న మాట వినాల్సి రావచ్చు. చేరకముందే హెచ్‌ఓడీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ప్రశ్న: అన్నా యూనివర్సిటీ అనుబంధ కాలేజీలో చదువుతున్నాం. ఐదు యూనిట్లలో ఒకటి వదిలేసినా ఏం కాదని సీనియర్లు చెబుతున్నారు. నిజమేనా?
– ఇద్దరు మిత్రులు, తాంబరం

జవాబు: మామూలు థియరీ ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టుకుని చూడండి. పార్ట్ ఎ రెండు మార్కులవి పది, యూనిట్‌కు రెండేసి. పార్ట్ బి 13 మార్కులవి ఐదు, యూనిట్‌కు ఒకటి. పార్ట్ సి 15 మార్కులది ఒకటి. ఛాయిస్ ఉన్నది యూనిట్ల మధ్య కాదు, ఒకే యూనిట్‌లోని (ఎ), (బి)ల మధ్య. యూనిట్ వదిలితే 4, 13 కలిపి 17 మార్కులు కళ్లముందే పోయినట్టు. పార్ట్ సి కూడా అందులోంచే వచ్చిందా, 32. ఆ సలహాతో అరియర్లు (తప్పి మళ్లీ రాయాల్సిన సబ్జెక్టులు) మోసేవాళ్లే ఎక్కువ.

కష్టమైన యూనిట్‌ను పూర్తిగా వదలకుండా సగం చదవండి. అందులో పాత ప్రశ్నపత్రాల్లో తరచూ కనిపించే రెండు మూడు అంశాలు, రెండు మార్కుల నిర్వచనాలు చాలు. చదివాక పుస్తకం మూసి ఉపశీర్షికలు, బొమ్మలు తెల్లకాగితం మీద వేసి సరిచూసుకోండి, మూడు రోజులాగి మళ్లీ వేయండి. రంగు పెన్నులతో గీతలు గీస్తూ నాలుగుసార్లు చదవడం కంటే ఇది చేదుగా ఉంటుంది, నిలిచేది మాత్రం ఇదే. మూడు గంటల్లో పార్ట్ ఎకు అరగంట, 13 మార్కుల ప్రశ్నకు 22 నిమిషాలు, చివరిదానికి 25 నిమిషాలు పెట్టుకుంటే సరిచూసుకోవడానికి ఓ పావుగంట మిగులుతుంది.

ప్రశ్న: పీజీ (పేయింగ్ గెస్ట్) గదిలో నలుగురం. చదువుకునే చోటు చెప్పండి.
– ఎం.ఎస్సీ. విద్యార్థి, గిండీ

జవాబు: సొంత పుస్తకాలు చదువుకోవాలంటే కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయం. కింది అంతస్తులో అందుకోసమే విభాగముంది. పాత పుస్తకాలు, పత్రికల పనైతే ఎగ్మూర్ మ్యూజియం ఆవరణలోని కన్నెమరా గ్రంథాలయం: దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకపు ప్రతీ చట్టప్రకారం చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి, కాబట్టి తెలుగు పుస్తకాలకూ లోటు లేదు. గిండీలో లోకల్ ఎక్కితే ఎగ్మూర్‌లో దిగొచ్చు. కోట్టూర్‌పురానికి బస్సు మేలు. కాలేజీ ఐడీ కార్డు దగ్గరుంచుకోండి. సెమిస్టర్ పరీక్షల రోజుల్లో కుర్చీ కావాలంటే తలుపులు తీసేవేళకే అక్కడుండాలి.