క్లాంప్ పడ్డాక గొంతు పెంచు

చిట్టితల్లీ,

గుండె ఆపరేషన్‌లో హార్ట్-లంగ్ మెషీన్ పంప్ నడిపే పెర్ఫ్యూజన్ కోర్సు పూర్తయిందనీ, వచ్చే నెల ఓటీలో చేరుతున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పట్టలేని సంతోషంతో వీధిలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు గట్టిగా మాట్లాడాలంటే జంకే పిల్లవి. నా భయమంతా అదే.

సర్క్యూట్‌లో గాలి బుడగలు తీయడం నీకు నేర్పే ఉంటారు. రక్తం గడ్డకట్టే సమయం, అదే ఏసీటీ, 480 సెకన్లు దాటనిదే పంప్ మీదకి వెళ్ళకు. బృహద్ధమనికి క్లాంప్ పడ్డాక సంగతి వేరు. ఆ క్షణం నుంచి గుండె కండరానికి రక్తం అందదు. కార్డియోప్లీజియా మందులోని పొటాషియం గుండెను సడలిన స్థితిలో ఆపితే ఆక్సిజన్ అవసరం పదో వంతుకు పడిపోతుంది. చల్లబరిస్తే ఇంకా తగ్గుతుంది. కొలత దగ్గర మాత్రం ఉదాసీనత వద్దమ్మా. 1955లో లండన్‌లో మెల్‌రోజ్ బృందం పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపింది. ఆ గాఢతకు కండరమే దెబ్బతింటోందని తేలి, చాలా ఏళ్ళు ఆ దారే వదిలేశారు. 1970లలో వచ్చిన సెయింట్ థామస్ ద్రావణంలో పొటాషియం దానికంటే చాలా తక్కువ.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక ఆస్పత్రిలో బైపాస్ కేసు. పంప్ మీద మా సీనియర్ అన్న, పక్కన చార్ట్ రాస్తూ నేను. బృహద్ధమని కవాటంలో కొద్దిగా లీక్ ఉందని ఎకోలో ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మందు వెళ్తోంది, బృహద్ధమని మొదట్లో ఉండాల్సిన రూట్ ప్రెషర్ లేవడం లేదు. ఈసీజీ గీత చదునుగా పడుకోవాల్సింది, సన్నగా వణుకుతూనే ఉంది. మందు గుండె కండరానికి రక్తం తెచ్చే కరొనరీ ధమనులకు పోకుండా లీకులోంచి ఎడమ జఠరికలోకి పోతోంది. "ప్రెషర్ రావట్లేదు సార్" అన్నాడు అన్న, గొణుగుతున్నట్టు. సక్షన్ చప్పుడులో సర్జన్ సార్‌కి వినబడలేదు. మళ్ళీ అనడానికి అన్నకు నోరు రాలేదు. అసిస్టెంట్ చెయ్యి పెట్టి చూసేసరికి జఠరిక ఉబ్బి బిగిసిపోయి ఉంది. వెంట్ గొట్టం పెట్టి ఖాళీ చేసి, గుండె వెనకుండే సిర కరొనరీ సైనస్‌లోంచి మందు ఎక్కిస్తే అప్పుడు ఆగింది. కానీ చివర్లో పంప్ నుంచి బయటికి రావడానికి ఆ గుండె ఎంత ఏడిపించిందో! గుండెకు సాయంగా బెలూన్ పంప్ పెట్టాల్సి వచ్చింది. మనిషి బతికాడు. అన్ని రోజులూ ఐసీయూ బయట బెంచీ మీద ఆయన భార్య, ఒళ్ళో మూత తీయని క్యారియర్‌తో కూర్చునే ఉంది.

విన్నావా? ఒకసారి అనేసి ఊరుకుంటే చెప్పినట్టు కాదు. "సార్, రూట్ ప్రెషర్ లేదు, గుండె ఆగలేదు" అని, ఆయన బదులు పలికేదాకా చెప్పు. తిడితే తిట్టనీ. ఇరవై నిమిషాలకోసారి డోసు పడాల్సిన మందైతే టైమ్ పైకి చదువు. డెల్ నిడో రకం మందు అయితే వ్యవధి ఎక్కువే కదా అని గడియారం మర్చిపోకు. బీపీతో గోడలు మందమైన గుండెల దగ్గర మరీ జాగ్రత్త. వెనక నుంచి, అంటే కరొనరీ సైనస్‌లోంచి ఇచ్చేటప్పుడు ఆ ప్రెషర్ 40 mmHg దాటనివ్వకు. కుడి జఠరికకు ఆ దారిన సరిగా అందదని గుర్తుంచుకో.

ఏంటో, కోప్పడుతున్నట్టున్నాను. మన ఇంట్లో ఆ కుర్చీలో నా తర్వాత కూర్చునేది నువ్వే తల్లీ. ఓటీలో చలి ఎక్కువ, లోపల స్వెటర్ వేసుకో. ఉదయం ఏదో ఒకటి తిని వెళ్ళు. మొదటి కేసు అయిన సాయంత్రం ఫోన్ చెయ్యి. క్లాంప్ టైమ్ ఎంతో, ఎన్ని డోసులిచ్చావో అన్నీ చెప్పాలి నాకు.

ఆశీస్సులతో,
పెదనాన్న