కాలేది బొగ్గు, ఆర్సెనిక్ కాదు

అమ్మాయీ,

బొగ్గు మండించే థర్మల్ ప్లాంటుల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. “బాయిలర్‌లో విషాలన్నీ కాలి బూడిదైపోతాయి” అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. కాలేది బొగ్గు. అందులోని పాదరసం, ఆర్సెనిక్ మూలకాలు. మంట వాటిని మాయం చెయ్యలేదు, కాపురం మార్పిస్తుంది, అంతే. ఎక్కడికి మారాయో చెప్పడమే నీ పని.

థర్మల్ ప్లాంటు బాయిలర్‌లో వేడి 1300 డిగ్రీలు దాటుతుంది. మాంగనీసు లాంటివి చాలావరకు బూడిదలోనే ఉండిపోతాయి. ఆర్సెనిక్, సెలీనియం ఆవిరై పొగతో బయల్దేరి, చల్లబడే కొద్దీ బూడిద రేణువులకు అంటుకుంటాయి. రేణువు ఎంత సన్నమైతే, దాని బరువుకు అంత ఎక్కువ అంటుతుంది. అందుకే ఈఎస్పీ (పొగలోని బూడిదను కరెంటుతో పట్టే యంత్రం) 99 శాతం బూడిదను పట్టేసిందని సంబరంగా రాయకు. అది బరువు లెక్క. జారిపోయేది సన్నటి ధూళే, ఊపిరితిత్తుల లోతుకు దిగేదీ అదే.

పాదరసం కథ వేరు. అది మరిగేది 357 డిగ్రీల దగ్గర. చిమ్నీకి చేరేసరికి పొగ 130కి అటూ ఇటూ. మరి చుక్కలుగా రాలదేం అంటారు పాఠకులు. తడిబట్ట ఆరాలంటే నీళ్లు మరగాలా? పొగలో పాదరసం మరీ పలచన, అందుకే ఆవిరిగానే ఉంటుంది. బొగ్గులో క్లోరిన్ ఉంటే కొంత పాదరసం నీళ్లలో కరిగే రూపానికి మారి, పొగను కడిగే స్క్రబ్బర్‌కు చిక్కుతుంది. చిక్కనిది నెలల తరబడి గాలిలో దేశాలు తిరుగుతుంది.

ఇదంతా పాఠకుడి కంటికి కట్టాలంటే చైనాలోని గుయ్‌జౌకి తీసుకెళ్లు. మన గుంటూరు మిర్చి కల్లాల్లో ఎండుతుంది. అక్కడ కోతల కాలంలో చలి, తేమ. అందుకని ఇంట్లోనే, పొగగొట్టం లేని పొయ్యిలో బొగ్గు రాజేసి, పైన మిరపకాయలు ఆరబెట్టేవారు. కొన్ని ఊళ్ల బొగ్గులో ఆర్సెనిక్ విపరీతం. పచ్చికాయలో పదిలక్షల్లో ఒక వంతు కూడా లేనిది, ఎండుకాయలో 500 వంతులు దాటింది! నీరు ఇంకినందుకు నాలుగైదు రెట్లు పెరిగిందనుకో; తక్కినదంతా పొగ పెట్టిందే. బాయిలర్‌లో బూడిద రేణువు చేసే పని అక్కడ మిరపకాయ చేసింది. వేలమందికి ఒంటిమీద మచ్చలు, అరచేతుల్లో గట్టి బొడిపెలు.

ఈ మిరపకాయతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఫ్లైయాష్ (పొగతో ఎగిరే సన్నటి బూడిద) ఇటుకల పేరా బావుంది, ఉంచు. బూడిద చెరువు నుంచి ఆర్సెనిక్ భూగర్భజలంలోకి ఎలా దిగుతుందో మాత్రం నువ్వు ముట్టుకోనేలేదు.