అమెరికాలో మన పెద్దవాళ్ళ డిప్రెషన్ ఫ్యామిలీ డాక్టర్ కంట ఎందుకు పడదు?

మీ అత్తగారికి ఏడాదిగా నిద్ర లేదు, తిండి సయించడం లేదు, ఒళ్ళు నొప్పులు. టెస్టులన్నీ నార్మల్, డాక్టర్ విటమిన్ డి రాసి పంపేస్తున్నాడు. "తెల్లవాళ్ళయితే ఇలాగే వదిలేస్తారా?" అని మీరడిగారు. తేడా ఉన్నమాట నిజం. మైనారిటీలకి మానసిక వైద్యం తక్కువగా అందుతోందని, అందినా నాణ్యత తక్కువేనని 2001లోనే అప్పటి సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంలో ప్రభుత్వ ముఖ్య వైద్యుడు) డేవిడ్ సాచర్ రిపోర్టు చెప్పింది. కానీ మా ఇంట్లో ఆ తేడాకి సగం కారణం నేనే.

నాన్న పోయాక అమ్మని కరీంనగర్ నుంచి న్యూజెర్సీకి తెచ్చుకున్నాను. కొన్నాళ్ళకి ఒకటే మాట మొదలైంది: "పానం మంచిగుంటలేదు బిడ్డా, ఒళ్ళంతా గుంజుతాంది." నేను డాక్టర్‌కి 'బాడీ పెయిన్స్' అని చెప్పాను. థైరాయిడ్, బి12, ఈసీజీ అన్నీ అయ్యాయి. డాక్టర్ ఇండియనే, గుజరాతీ. మనవాడు కదా, అర్థం చేసుకుంటాడనుకున్నా. ఆయన దగ్గరున్నదీ పదిహేను నిమిషాలే.

ఒకసారి నర్సు డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 కాగితం ఇచ్చింది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది వచ్చిందంటే డాక్టర్ ఆగి చూడాల్సిందే. వెయిటింగ్ రూంలో నేనే నింపాను. నిద్ర, నీరసం దగ్గర ఏదో అడిగి ఒకట్లు, రెళ్ళు పెట్టాను. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని. కన్నతల్లిని ఆ మాట ఎలా అడుగుతాం? అడక్కుండానే సున్నా పెట్టేశాను. మొత్తం నాలుగొచ్చింది. డాక్టర్ 'గుడ్' అన్నాడు.

ఇన్సూరెన్స్ మారి వేరే క్లినిక్‌కి వెళ్తే, అక్కడ ఇంటివాళ్ళు అనువాదం చేయకూడదన్నారు. నాకు కాస్త కోపమే వచ్చింది. స్పీకర్ ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ వచ్చింది. 'కుంగుబాటు' అంది, అమ్మ నా మొహం చూసింది. నేను నోరు తెరవబోతే నర్సు చెయ్యెత్తి ఆపింది. అప్పుడా ఇంటర్‌ప్రెటర్ అమ్మాయి "మనసుల ఏమన్న రంది ఉన్నదా అమ్మా?" అని అడిగింది. అంతే, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మిగతా ప్రశ్నలకి నన్ను బయటికి పంపారు. ఈసారి స్కోరు 17. తొమ్మిదోది సున్నా కాదు.

మందు మొదలుపెట్టారు. పది రోజులకి అమ్మ మానేసింది. కడుపులో తిప్పుతోంది, పైగా పక్కింటావిడ 'అలవాటైపోతది' అంది. ఆ మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని మాకెవరికీ తెలియదు. క్లినిక్ కేర్ మేనేజర్ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని రెండు వారాలకోసారి ఫోన్ చేయబట్టి దారిలో పడింది. ఈ పద్ధతిని 'కొలాబొరేటివ్ కేర్' అంటారు. 60 దాటిన 1801 మందిపై చేసిన ఇంపాక్ట్ అధ్యయనం 2002లో వచ్చింది. ఏడాదికి లక్షణాలు సగమైనా తగ్గినవాళ్ళు మామూలు వైద్యంలో 19 శాతం, ఇందులో 45 శాతం. నల్లజాతివాళ్ళకి, లాటినోలకి కూడా దాదాపు ఇంతే మేలు జరిగింది. అంటే వెంటపడి చూస్తే మన పెద్దవాళ్ళూ కోలుకుంటారనే నా నమ్మకం. పెద్దవాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ 2017 నుంచి దీనికి డబ్బు కూడా ఇస్తోంది. మీ క్లినిక్‌లో ఉందేమో అడగండి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి' అని చెప్పండి. మెడికేర్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్) డబ్బు తీసుకునే క్లినిక్ ఉచితంగా పెట్టాలి, అది చట్టం. చచ్చిపోవాలన్న మాట మీ అత్తగారి నోట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఇలాంటప్పుడు సాయం చేసే ఫోన్ నంబర్ 988 ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది. క్లినిక్‌లో ఇంటర్‌ప్రెటర్ లైన్లోకి వచ్చాక మీరూ మీవారూ బయట కూర్చోండి.