ఇంగ్లండ్‌లో మన ఇంటి పొయ్యిలో ఏం కాల్చాలో కౌన్సిల్ ఎందుకు చెప్పాలి?

బర్మింగ్‌హామ్‌లో పాత ఇల్లు కొన్నామనీ, హాలులో తలుపులు లేని పాతకాలపు ఫైర్‌ప్లేస్ ఉందనీ, అందులో కట్టెలు కాల్చకూడదని పక్కింటివారు అన్నారనీ, సొంత ఇంటి పొయ్యి మీద కూడా ప్రభుత్వ పెత్తనం ఏమిటనీ మీరు అడిగారు. నేను ఇదే నగరంలో, ఒకదానికొకటి గోడ ఆనుకుని ఉండే వరుస ఇళ్ల వీధిలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. పెత్తనం ఉండవలసిందేనని నా అభిప్రాయం. అయితే అది మీ చిమ్నీ మీద కంటే ముందు ఇంధనం అమ్మేవాడి మీద ఉండాలి.

ముందు మీ సందేహం తీరుస్తాను. బర్మింగ్‌హామ్ నగరమంతా పొగ నియంత్రణ ప్రాంతమే, అంటే ఇళ్ల చిమ్నీల నుంచి పొగ వదలకూడని ప్రాంతం, కాబట్టి మీ ఇంట్లో ఉన్నటువంటి తెరిచిన పొయ్యిలో కట్టెలు, అవి ఎంత ఎండినవైనా సరే, కాల్చకూడదు. పొగ చాలా తక్కువగా వచ్చే ఆంత్రసైట్ బొగ్గు, ప్రభుత్వ జాబితాలో పేరున్న పొగరాని బొగ్గు ఇటుకలు, గ్యాస్ వంటివి వాడుకోవచ్చు. కట్టెలే కావాలనుకుంటే డెఫ్రా అనే పర్యావరణ శాఖ మినహాయింపు జాబితాలో ఉన్న మూతపొయ్యి (తలుపు ఉండే స్టవ్) పెట్టించుకుని, దాని తయారీదారు చెప్పిన ఇంధనాన్నే అందులో వేయాలి. చిమ్నీ నుంచి పొగ వస్తే 2022 మే నుంచి కౌన్సిలే, అంటే స్థానిక పాలక సంస్థే, నేరుగా 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 2021 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో రెండు ఘనపు మీటర్ల కంటే తక్కువ పరిమాణంలో అమ్మే కట్టెల్లో చెమ్మ 20 శాతానికి మించకూడదు, వాటి సంచి మీద ‘రెడీ టు బర్న్’ ముద్ర ఉండాలి. మామూలు రాక్షసిబొగ్గును సంచుల్లో అమ్మడం అదే రోజు ఆగింది, విడిగా లారీలో తెచ్చి పోయడం 2023 మే 1న ఆగింది. ఈ నిబంధన దేశమంతటికీ వర్తించే అమ్మకపు నిబంధన. పొగ నియంత్రణ ప్రాంతం నిబంధన వేరు, అది 1956 చట్టం నుంచి వచ్చినది. సంచి మీద కాల్చడానికి సిద్ధం అని రాసి ఉన్నంత మాత్రాన మీ హాలులోని పొయ్యిలో కాల్చడానికి అనుమతి వచ్చినట్టు కాదు. చదువుకున్నవాళ్లకే ఈ తేడా తెలియదు, ఇక కట్టెలు అమ్మే దుకాణాల్లో చెప్పేవాడెవడు?

మా పక్కింటి పెద్దాయన సంగతి చెబితే నేనెందుకు ఇంత ఘాటుగా మాట్లాడుతున్నానో మీకు తెలుస్తుంది. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న పింఛనుదారు ఆయన. గ్యాస్, కరెంటు ధరలు ఆకాశాన్నంటిన 2022 చలికాలంలో హీటింగ్ ఆపేసి హాలులోని పాత పొయ్యి వెలిగించడం మొదలుపెట్టారు. సాయంత్రమయ్యేసరికి మా పడకగది కిటికీ పైనున్న గాలి సందులోంచి పుల్లటి, తారులాంటి వాసన లోపలికి వచ్చేది. మా అమ్మాయికి ఉబ్బసం. రాత్రిళ్లు లేచి కూర్చుని ఇన్‌హేలర్ పీల్చుకునేది. కౌన్సిల్‌కు రాస్తే ఒక పట్టిక పంపారు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు పొగ వచ్చింది, దానివల్ల మీకేం ఇబ్బంది కలిగింది అని వరుసగా నింపాలట. నింపి పంపాం. ఎట్టకేలకు ఒక అధికారి వచ్చారు, కానీ పట్టపగలు, పొయ్యి చల్లగా ఉన్న వేళ వచ్చారు. మా వీధిలో నిలబడి చిమ్నీల వైపు తలెత్తి చూసి, పొగ కనబడలేదని రాసుకుని వెళ్లిపోయారు. పొగ పెట్టేది రాత్రి, చూడడానికి వచ్చేది పగలు. ఏ కౌన్సిల్‌లోనైనా ఫిర్యాదులతో పోలిస్తే జరిమానాలు అతి తక్కువగా ఉండడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కరలేదు.

చివరికి నేనే వెళ్లి తలుపు తట్టాను. కోప్పడతారేమో అనుకుంటే, లోపలికి పిలిచి టీ ఇచ్చి, పొయ్యి పక్కన పెట్టుకున్న వల సంచి చూపించారు. దాని మీద ఆ ముద్ర స్పష్టంగా ఉంది. ‘చట్టప్రకారమే కొన్నాను కదా’ అన్నారు. పెరట్లో మాత్రం ఇంకో గుట్ట ఉంది. వ్యాన్‌లో వీధి వెంట తిరిగే ఒకతను నగదుకు అమ్మిపోయిన దుంగలవి. చెమ్మ కొలిచే చిన్న మీటరు నా దగ్గర ఉంది. దాని రెండు సూదులు దుంగ పైభాగంలో గుచ్చితే 17 చూపించింది. పెద్దాయన ముఖం వెలిగింది. అదే దుంగను చేతిగొడ్డలితో నిలువునా చీల్చి, అప్పుడే విడిన లేత పసుపు చెక్కలో గుచ్చితే 34. చీలిన చోట వేలు పెడితే చల్లగా తడి తగిలింది. చెమ్మ కొలవవలసింది పై తొక్కలో కాదు, కొత్తగా చీలిన ముఖం మీద. వ్యాన్ అతను పై తొక్క మీద కొలిచి చూపించే అమ్మాడట. అలాంటి కట్టె వేస్తే మంటలోని వేడి ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, మంట చల్లబడుతుంది, కట్టెలోంచి వచ్చే తారు ఆవిర్లు కాలకుండానే చిమ్నీలోకి పోతాయి. కొంత లోపలి గోడకు మసిగా పట్టి ఎప్పుడో ఒకనాడు అంటుకుంటుంది, మిగిలినది మా పడకగదిలోకి వస్తుంది. డబ్బు పెట్టి కొన్నదాంట్లో మూడో వంతు నీళ్లు, అయినా శిక్ష పడితే పడేది ఆ పెద్దాయనకే.

అప్పుడే ఆయన ఒక మాట చెప్పారు. తన చిన్నతనంలో, అదే ఇంట్లో, కౌన్సిల్ తరఫున మనుషులు వచ్చి బొగ్గు కాల్చే పాత ఇనుప చట్రం ఊడదీసి, కోక్ (బొగ్గు నుంచి తయారుచేసే, పొగరాని ఇంధనం) కాల్చడానికి వీలైనది బిగించి వెళ్లారట. వాళ్ల నాన్నగారు తమ వాటాగా ఇచ్చింది కొద్ది మొత్తమేనట. ఇది ముసలివాళ్ల కబుర్లు కాదు, చట్టంలో ఉన్న మాట. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ను కమ్మేసిన విషపు పొగమంచు వల్ల మొదటి లెక్కల్లోనే నాలుగు వేల మంది, తరువాతి అంచనాల్లో పన్నెండు వేల మంది దాకా చనిపోయారు. సర్ హ్యూ బీవర్ కమిటీ నివేదిక మీద వచ్చిన 1956 స్వచ్ఛ వాయు చట్టం, రాక్షసిబొగ్గు మానెయ్యమని చెప్పి ఊరుకోలేదు. పొయ్యి మార్చుకునే ఖర్చులో పదింట ఏడు వంతులు కౌన్సిల్ భరించాలని, అందులో కొంత కేంద్ర ఖజానా తిరిగి చెల్లించాలని రాసింది. నిషేధంతో పాటే డబ్బు కూడా వచ్చింది కాబట్టే ఆ తరం మారింది. ఇప్పుడు మా పెద్దాయనకు రాగలిగింది నోటీసు ఒక్కటే. మంచి మూతపొయ్యి పెట్టించాలంటే ఆయన చాలా నెలల పింఛను దాచుకోవాలి.

అమ్మకం దగ్గరే పట్టుకుంటే ఏమవుతుందో డబ్లిన్ చూపించింది. 1990 సెప్టెంబరు 1 నుంచి ఆ నగరంలో పొగ కక్కే బొగ్గు అమ్మడాన్నే ఐర్లండ్ ప్రభుత్వం నిషేధించింది. ఎవరి చిమ్నీ కిందా అధికారి నిలబడవలసిన పని లేకుండా నల్ల పొగ 70 శాతం దాకా తగ్గింది. మన దగ్గర 1999లో దీపం పథకం వచ్చినప్పుడు కూడా కట్టెలపొయ్యి మీద ఎవరూ జరిమానా వేయలేదు, గ్యాస్ కనెక్షన్ ఇచ్చారు. సిలిండర్ ధర భరించలేక చాలా ఇళ్లలో పాత పొయ్యి మళ్లీ వెలిగిందన్నది వేరే బాధ.

ఇంకో కోపం కూడా ఇక్కడే వెళ్లగక్కుతాను. ఇల్లు అమ్మేటప్పుడు ఏజెంట్లు మూతపొయ్యిలో మంట ఎగసిపడుతున్న ఫోటోను మొదటి పేజీలో వేస్తారు, ఆ పొయ్యి మినహాయింపు జాబితాలో ఉందా అని అడిగితే ఇంటిని పరీక్షించే సర్వేయరును అడగమంటారు. మన వాట్సాప్ గుంపుల్లో ఏటా జనవరిలో ‘ఇక్కడ భోగిమంట నిషేధం’ అని తిరిగే సందేశం మరీ అన్యాయం. పొగ నియంత్రణ నిబంధన ఇంటి చిమ్నీకి సంబంధించినది, పెరట్లో వేసుకునే మంటకు కాదు. అయితే పాత ప్లాస్టిక్ కుర్చీలు, రంగు వేసిన తలుపులు భోగిలో వేసి పొరుగువారి బట్టలు మసి చేస్తే 1990 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఫిర్యాదు వస్తుంది, రావాలి కూడా.

మా పెద్దాయన ఇప్పుడు పొగరాని బొగ్గు ఇటుకలు వేస్తున్నారు. సంచి ధర చూసి ప్రతి వారం తిట్టుకుంటారు, కానీ రాత్రంతా నిప్పు నిలుస్తుందని ఒప్పుకుంటారు. ఆ వ్యాన్ మాత్రం మొన్నటి చలికాలంలో కూడా మా వీధిలో తిరిగింది. దాని నంబరు రాసి కౌన్సిల్‌కు పంపితే, చెమ్మ పరీక్ష చేయాలంటే మీరు కొన్న కట్టె నమూనా కావాలని సమాధానం వచ్చింది.

మీరు పొయ్యి మార్చాలనుకుంటే కొనకముందే దాని మోడల్ పేరు డెఫ్రా జాబితాలో ఉందో లేదో చూసుకోండి, బిగించిన కంపెనీ నుంచి ధ్రువపత్రం తీసుకుని ఇంటి కాగితాలతో పెట్టుకోండి. ఈ చలికాలానికి మార్చే ఉద్దేశం లేకపోతే, ఆ ఫైర్‌ప్లేస్‌లో జాబితాలో పేరున్న ఇంధనమే వేయండి. దానికి ముందు చిమ్నీ శుభ్రం చేసేవారిని పిలిపించి, గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా పెట్టించండి, ఎందుకంటే పొగ రాని ఇంధనం నుంచి కూడా ఆ వాయువు వస్తుంది.