శాస్త్ర సందేహాలు: ఫ్లాస్కుకు మాస్ స్పెక్ట్రోమీటర్ తగిలిస్తే

ప్రశ్న: చర్య ఎంతవరకు వచ్చిందో చూడటానికి మేము మధ్యమధ్యలో చుక్క తీసి టి.ఎల్.సి. (పలుచని పొర మీద పదార్థాలను విడదీసి చూసే పద్ధతి) ప్లేటు మీద పెడుతుంటాం. ఫ్లాస్కును నేరుగా మాస్ స్పెక్ట్రోమీటర్‌కు కలిపితే ఏ పదార్థం ఎంత ఉందో క్షణక్షణమూ తెలుస్తుందని సీనియర్లు అంటున్నారు. శిఖరం ఎత్తును బట్టి గాఢత చెప్పేయవచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, బరంపురం

జవాబు: ఏముందో చాలావరకు తెలుస్తుంది గానీ, ఎంత ఉందో శిఖరం ఎత్తు ఒక్కటే చెప్పలేదు. ఈ యంత్రానికి విద్యుదావేశం ఉన్న కణాలే కనబడతాయి. వాటిని ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తిని బట్టి విడదీసి, గ్రాఫు మీద శిఖరాలుగా చూపుతుంది. ద్రావణాన్ని సన్నని సూది గుండా పంపుతూ కొన్ని వేల వోల్టులు ఇస్తే ఆవేశిత తుంపరలు ఏర్పడి, ద్రావణి ఆవిరైపోయి, అయాన్లు మిగులుతాయి. ఎలక్ట్రోస్ప్రే అనే ఈ పద్ధతిని పెద్ద అణువులకు పనికివచ్చేలా తీర్చిదిద్దినందుకే జాన్ ఫెన్‌కు 2002 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. చర్య నడుమ కాసేపు ఏర్పడే పెళుసైన మధ్యస్థాలు కూడా చిట్లకుండా యంత్రం దాకా చేరగలగడం దీని గొప్పతనం.

తటస్థ అణువులు కనబడవు కనుక, ప్రోటాన్‌ను పట్టుకోగల చోటు ఉన్న క్రియాజనకాన్ని ఎంచుకుంటారు. 1994లో అలిప్రాంటిస్, కెనారీ అనే రసాయన శాస్త్రవేత్తలు సుజుకీ చర్యను (పల్లాడియం ఉత్ప్రేరకంతో రెండు కర్బన భాగాలను కలిపే చర్య) పరిశీలించినప్పుడు పిరిడిన్ వలయమున్న బ్రోమైడును వాడి, పల్లాడియం మధ్యస్థాలను పట్టుకోగలిగారు. పల్లాడియంకు ఆరు స్థిర ఐసోటోపులు ఉండటం, బ్రోమిన్‌కు 79, 81 దాదాపు సమానంగా ఉండటం వల్ల ఆ అయాన్ల శిఖరాలు గుత్తిగా వస్తాయి. లెక్కకట్టిన గుత్తితో అది సరిపోలితే తప్ప ఆ పేరు పెట్టకూడదు.

కలపడానికి పెద్ద ఏర్పాటు అక్కరలేదు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో స్కాట్ మెకిండో బృందం వాడే పద్ధతిలో, ష్లెంక్ ఫ్లాస్కులో (గాలి తగలకుండా చర్య జరిపే ఫ్లాస్కు) జడవాయువు పీడనాన్ని కాస్త పెంచితే ద్రావణం సన్నని గొట్టం గుండా తనంతట తానే యంత్రంలోకి వెళుతుంది. గొట్టం లోపలి వ్యాసం 0.127 మి.మీ., పొడవు 60 సెం.మీ. అనుకుంటే అందులో సుమారు 7.6 మైక్రోలీటర్లు పడతాయి. నిమిషానికి 10 మైక్రోలీటర్ల చొప్పున పంపితే తెర మీద కనిపించేది ముప్పావు నిమిషం కిందటి సంగతి. వేగవంతమైన చర్య అయితే ఆలోపే అసలు ఘట్టం అయిపోవచ్చు. పైగా ఆ గొట్టం ఫ్లాస్కును వేడిచేసే నూనె తొట్టెకు బయట ఉంటుంది కనుక అందులో ఉష్ణోగ్రత వేరు.

ఇక ఎత్తుల విషయం. తుంపర ఉపరితలం మీద చోటు కోసం అయాన్ల మధ్య పోటీ ఉంటుంది. పొడవైన హైడ్రోకార్బన్ గొలుసులున్నవి సులువుగా పైకి తేలి, మిగతావాటిని అణచివేస్తాయి. ద్రావణంలో క్షార లవణాలు ఎక్కువైతే అన్ని శిఖరాలూ కుంగిపోతాయి. అందువల్ల చర్యలో పాల్గొనని ఆవేశిత లవణాన్ని తెలిసిన మోతాదులో కలిపి, దానితో నిష్పత్తి చూడాలి. టెట్రాబ్యూటైల్ అమోనియం లవణం జోలికి మాత్రం పోకండి. 242 దగ్గర దాని శిఖరం యంత్రాన్ని ఓ పట్టాన వదలదు. ఆ నిష్పత్తినైనా ఒకటి రెండు సమయాల్లో ఎన్.ఎం.ఆర్.తో (అయస్కాంత క్షేత్రంలో అణువులను పరిశీలించే పద్ధతి) సరిచూసుకున్నాకే గాఢతగా రాయండి.

కనబడిన ప్రతి అయానూ చర్యామార్గంలోదే అనుకోకూడదు. అసలైన మధ్యస్థం సాధారణంగా పెరిగి తగ్గుతుంది. చివరిదాకా కదలనిది పక్కదారి పట్టిన ఉత్ప్రేరకం కావచ్చు. కొన్ని చర్యలు ఫ్లాస్కులో కన్నా తుంపరలోనే వేగంగా సాగుతాయి కూడా, కాబట్టి స్ప్రే పరిస్థితులు మార్చినప్పుడు నిష్పత్తులు మారితే అనుమానించవలసిందే. తటస్థంగా ఉండే మీ ఉత్పన్నాన్ని చూపేది టి.ఎల్.సి. ప్లేటే కనుక దాన్ని పక్కన పెట్టవద్దు.

ప్రశ్న: కొలిమి వాయువులను కూడా ఈ యంత్రంతో చూస్తారట. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ రెండింటి అణుభారమూ 28 కదా, ఎలా విడదీస్తారు?
– ఫెర్రో అల్లాయ్ కర్మాగార ఉద్యోగి, రాయగడ

జవాబు: కచ్చితంగా చూస్తే అవి 27.995, 28.006. ఆ తేడాను పట్టాలంటే సుమారు 2,500 విభేదన శక్తి (దగ్గరి ద్రవ్యరాశులను వేరుగా చూపగల సామర్థ్యం) కావాలి. కర్మాగారాల్లో వాడే యంత్రాలకు సాధారణంగా అది ఉండదు. ఎలక్ట్రాన్ల తాకిడికి అణువులు ముక్కలై మోనాక్సైడ్ 12 దగ్గర, నైట్రోజన్ 14 దగ్గర కూడా శిఖరాలిస్తాయి, లెక్క వాటితో నడుస్తుంది. అయితే కార్బన్ డయాక్సైడ్ కూడా 12, 28 దగ్గర వాటా వేస్తుంది కనుక, 44 శిఖరం నుంచి దాని భాగాన్ని ముందుగా తీసివేయాలి. రెండు ఆవేశాలు పొందిన మోనాక్సైడు 14 దగ్గర కొద్దిగా కలుస్తుంది. ఈ వాటాలు యంత్రం యంత్రానికీ మారుతాయి కాబట్టి, కొలత తెలిసిన మిశ్రమాల సిలిండర్లతో ఎప్పటికప్పుడు సరిచూస్తుంటారు.