లింకర్ ఎర్రర్ వస్తే ముందు పేరు చూడు

చిన్నీ,

నీ సీ ప్రోగ్రామ్ బిల్డ్ కావట్లేదని నువ్వు పంపిన ఫొటోలో ఆఖరి లైను ఒక్కటే ఉంది: ‘కలెక్ట్2: ఎర్రర్: ఎల్‌డీ రిటర్న్డ్ 1 ఎగ్జిట్ స్టేటస్’. లింకింగ్, అంటే కంపైలైన ముక్కలన్నిటినీ లింకర్ కలిపి ఒక ప్రోగ్రామ్‌గా చేసే పని, ఆగిపోయిందనడం తప్ప అందులో ఏమీ లేదు. టెర్మినల్ పైకి జరిపి మొదటి ఎర్రర్ చదువు. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అనో ‘మల్టిపుల్ డెఫినిషన్’ అనో ఉంటుంది, దానితోపాటే ఒక పేరు. ఆ పేరు పట్టుకో. లింకర్ దాకా వచ్చావంటే కంపైలర్‌కు నీ కోడ్‌తో పేచీ లేదు, సెమికోలన్ల కోసం వెతకడం మానెయ్.

అన్‌డిఫైన్డ్ అంటే ఆ పేరును వాడావు, దాని అసలు కోడ్ లింకర్‌కు దొరకలేదు. ‘హెడర్ ఇంక్లూడ్ చేశాను కదా మామయ్యా’ అంటావు. మీ అమీర్‌పేటలో మెట్ల దగ్గర కోచింగ్ సెంటర్ బోర్డు ఉంటుంది, పైకెక్కితే తాళం. ఫంక్షన్ల పేర్లు చెప్పే హెడర్ ఫైల్ కూడా అంతే, బోర్డు మాత్రమే. కోడ్ ఉన్న సీ ఫైల్ అదే ఫోల్డర్‌లో ఉన్నా నీ కంపైలర్ జీసీసీ తనంతట తాను తీసుకోదు, కమాండ్‌లో దాని పేరు రాయాలి. రాశావంటే ఇక స్పెల్లింగ్ చూడు. సీలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరు.

మ్యాథ్ ఫంక్షన్లది ఇంకో తమాషా. స్క్వేర్ రూట్ ఫంక్షన్‌లో 16 అని నేరుగా రాస్తే చక్కగా బిల్డ్ అవుతుంది, ఎందుకంటే జీసీసీ ఆ జవాబును కంపైల్ చేసేటప్పుడే లెక్కగట్టేస్తుంది. వేరియబుల్ పెట్టగానే అన్‌డిఫైన్డ్. నిన్నటిదాకా పనిచేసిందే అని టెన్షన్ పడకు, మ్యాథ్ లైబ్రరీని కలపమని కమాండ్ చివర ‘-ఎల్‌ఎమ్’ చేర్చు. చివరే సుమా! లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. ఉబుంటులో లైబ్రరీని ముందు పెడితే, అప్పటికి ఎవరూ అడగలేదని దాన్ని వదిలేసి ముందుకు పోతుంది.

ఇక మల్టిపుల్ డెఫినిషన్, అంటే ఒకే పేరు ఒకటికంటే ఎక్కువ చోట్ల డిఫైన్ అయింది. గ్లోబల్ వేరియబుల్‌ను హెడర్‌లో పెట్టి, ఆ హెడర్‌ను రెండు సీ ఫైళ్లలో ఇంక్లూడ్ చేస్తే వచ్చేది ఇదే. హెడర్ గార్డ్ ఉన్నా లాభం లేదు, అది ఒకే ఫైల్‌లో రెండుసార్లు రాకుండా మాత్రమే ఆపుతుంది. హెడర్‌లో ‘ఎక్స్‌టర్న్’ అని రాసి, అసలు వేరియబుల్‌ను ఒక్క సీ ఫైల్‌లోనే ఉంచు. మీ సీనియర్ల రికార్డులో వేరియబుల్ హెడర్‌లోనే ఉంది, వాళ్లకు ఈ ఎర్రర్ రాలేదంటావా? విలువ ఇవ్వకుండా వదిలేసిన వేరియబుళ్లను పాత జీసీసీ చూసీచూడనట్టు కలిపేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి ఆ పప్పులు ఉడకవు.

ఇంకా తేలకపోతే సీ ఫైల్ కంపైలయ్యాక వచ్చే ఒక్కో ‘.ఓ’ ఫైల్ మీద, అందులోని పేర్లు చూపించే ‘ఎన్‌ఎమ్’ కమాండ్ కొట్టు. ఫంక్షన్ పేరు ముందు ‘టీ’ ఉంటే దాని కోడ్ ఆ ఫైల్‌లోనే ఉంది. ‘యూ’ ఉంటే బయటి నుంచి రావాలి. ఏ ఫైల్లోనూ ‘టీ’ కనిపించకపోతే అసలా ఫంక్షనే రాయలేదన్నమాట, లేదా అది లైబ్రరీలో ఉంది. నాకు పంపేటప్పుడు నువ్వు కొట్టిన కమాండ్ కూడా పంపు, అది లేకుండా నేను చెప్పగలిగేది తక్కువ.

మామయ్య